ప్యూర్ డేటా: కంటికి కనిపించని వరస
అపోహలు – వాస్తవాలు

కోడ్ రాయకుండా, తెర మీద పెట్టెలు పెట్టి వాటిని గీతలతో కలిపి శబ్దాన్ని తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ ప్యూర్ డేటా. వాడేవాళ్లు దీన్ని పీడీ అంటారు, అలా పెట్టెలు కలిపి గీసిన బొమ్మను ప్యాచ్ అంటారు. పారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో 1980లలో మాక్స్ అనే ప్రోగ్రాము రాసిన మిల్లర్ పకెట్, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లాక 1990ల మధ్యలో దీన్ని రూపొందించారు. ఇది ఉచితం. సోర్సు కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. విండోస్, మాక్, లినక్స్‌లలోనే కాదు, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద కూడా నడుస్తుంది.

ఇంత మంచి పనిముట్టును మొదట్లోనే విసిగి వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాళ్లు చెప్పే కారణాల్లో ఎక్కువ భాగం అపోహలే. బొమ్మ కళ్లెదుట ఉంది కాబట్టి ప్రోగ్రామంతా కనిపిస్తున్నట్టే అనుకుంటారు. కానీ ఏది ముందు జరుగుతుంది, ఏది తర్వాత జరుగుతుంది అన్న వరస ఆ బొమ్మలో ఉండదు. చిక్కులు చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: ఒకేలా కనిపించే రెండు ప్యాచ్‌లు ఒకేలా పనిచేస్తాయి.

పనిచేయకపోవచ్చు. ఒక సంఖ్య వర్గం కావాలని గుణకారం పెట్టె తీసుకుని, నంబర్ పెట్టె నుంచి దాని రెండు ఇన్‌లెట్లకూ, అంటే సంఖ్యలు లోపలికి వెళ్లే దారులకూ, గీతలు లాగారనుకుందాం. 3 పంపితే 0 వస్తుంది. తర్వాత 4 పంపితే 16 రావాల్సింది 12 వస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడే ప్రోగ్రాములో లోపం ఉందని తేల్చేస్తారు. అసలు జరిగింది వేరు. పీడీలో ఎడమ ఇన్‌లెట్‌ను హాట్ అంటారు, దానికి సంఖ్య అందిన క్షణమే లెక్క జరిగిపోతుంది. కుడిది కోల్డ్, అందినదాన్ని దాచుకుని ఊరుకుంటుంది. ఒకే చోటు నుంచి రెండు గీతలు బయల్దేరితే, ముందు గీసిన గీత వెంట సందేశం ముందు వెళుతుంది. పై ఉదాహరణలో ఎడమ గీతను ముందు గీశారు. అందుకే 4 వచ్చేసరికి కుడివైపు పాత 3 ఉంది. కుడి గీతను ముందు గీసిన ప్యాచ్ సరైన జవాబే ఇస్తుంది, చూడ్డానికి మాత్రం రెండూ అచ్చం ఒకటే.

దీనికి మందు ట్రిగర్ అనే పెట్టె. అది తన సందేశాలను ఎప్పుడూ కుడి నుంచి ఎడమకే పంపుతుంది. ఒక అవుట్‌లెట్ నుంచి ఒకటికి మించి సందేశపు గీతలు వెళ్లే ప్రతిచోటా ట్రిగర్ పెట్టడం తొలిరోజు నుంచే అలవాటు చేసుకోవాలి. పీడీ నేర్పేవాళ్లు అన్నింటికన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఇదేనని నా గట్టి నమ్మకం.

అపోహ: పెట్టె చుట్టూ చుక్కల గీత కనిపించి, సృష్టించలేకపోయానని కన్సోల్ చెబితే ప్యాచ్ పాడైపోయినట్టే.

ప్యాచ్‌కు ఏమీ కాలేదు. ఆ పేరున్న ఆబ్జెక్టు మీ కంప్యూటర్లో పీడీకి దొరకలేదంతే. మిల్లర్ పకెట్ విడుదల చేసే పీడీని వెనిల్లా అంటారు. పాత ప్యాచ్‌లు చాలావరకు పీడీ ఎక్స్‌టెండెడ్ కోసం రాసినవి. అందులో బోలెడు అదనపు లైబ్రరీలు కలిపి ఇచ్చేవారు, దాని నిర్వహణ ఆగిపోయి ఏళ్లయింది. ఇప్పుడు మెనూలోని ఫైండ్ ఎక్స్‌టర్నల్స్ తెరిచి జెక్సీ, సైక్లోన్ లాంటి లైబ్రరీని వెతికి దింపుకోవాలి. దింపుకుంటే సరిపోదు, డిక్లేర్ అనే పెట్టెతో దాన్ని ప్యాచ్‌కు పరిచయం చేయాలి. విండోస్ కోసం తయారైన ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి చేర్చే ఆబ్జెక్టు) లినక్స్‌లో లోడ్ కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఏ లైబ్రరీ కావాలో తెలియకపోతే ప్యాచ్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. పెట్టెల పేర్లు, అవి ఉన్న చోటు, గీతలు గీసిన వరస అన్నీ అందులో అక్షరాల్లోనే ఉంటాయి.

అపోహ: శబ్దం చిటపటలాడితే కంప్యూటర్ చాలదని అర్థం.

కొత్త కంప్యూటర్ కొనేముందు చిటపట ఏ రకానిదో చెవిపెట్టి వినండి. పీడీ శబ్దాన్ని 64 శాంపిళ్ల చొప్పున లెక్కగడుతుంది, సెకనుకు 44,100 శాంపిళ్లయితే ఒక్కో విడతకు దాదాపు 1.45 మిల్లీసెకన్లు. లెక్క వేళకు పూర్తికాకపోతే శబ్దం అక్కడక్కడా తెగుతుంది. ఆడియో సెట్టింగుల్లో డిలే అన్న అంకె పెంచితే చాలాసార్లు సర్దుకుంటుంది. శబ్దం తెగకుండా గరగరమంటుంటే అది వేరే జబ్బు. స్పీకర్లకు వెళ్లే సంకేతం మైనస్ 1కీ ప్లస్ 1కీ మధ్య ఉండాలి. నాలుగు ఆసిలేటర్లను నేరుగా కలిపితే 4 దాకా పోతుంది, హద్దు దాటినదంతా తెగిపోతుంది. ఒక్కోదాన్నీ 0.25తో గుణిస్తే చాలు. స్లైడర్ జరిపినప్పుడు మాత్రమే టిక్కుమంటే, విలువ ఒక్కసారిగా ఎగిరిందన్నమాట. మధ్యలో లైన్~ అనే పెట్టె పెట్టి 20 మిల్లీసెకన్లలో మెల్లగా మారేలా చేయాలి.

కంప్యూటర్ నిజంగానే అలిసిపోతున్నా, సబ్‌ప్యాచ్ (ప్యాచ్ లోపలి ప్యాచ్) కిటికీ మూసేస్తే భారం తగ్గదు, వాల్యూమ్ సున్నా చేసినా తగ్గదు. సున్నాతో గుణించడం కూడా లెక్కే. స్విచ్~ పెట్టెతో ఆ సబ్‌ప్యాచ్ లెక్కనే ఆపాలి.

అపోహ: శబ్దాన్ని తిరిగి దాని మొదటికే పంపడం పీడీలో కుదరదు.

గీతను నేరుగా వెనక్కి కలిపితే డీఎస్‌పీ లూప్ (శబ్దపు లెక్కలో వలయం) ఉందని కన్సోల్ చెబుతుంది. ఏ పెట్టెను ముందు లెక్కించాలో పీడీకి తేలదు. డిలే రాసే పెట్టె, చదివే పెట్టె మధ్యలో పెడితే తేలుతుంది, కాకపోతే ఆ వలయంలో కనీసం 64 శాంపిళ్ల ఆలస్యం తప్పదు. కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ 1983లో ప్రకటించిన మీటిన తీగ పద్ధతితో వీణ లాంటి నాదం చేసేవాళ్లకు ఇది వెంటనే తగులుతుంది. 44,100ను 64తో భాగిస్తే 689 హెర్ట్జ్, తీగ అంతకన్నా పైకి పలకదు. ఆ వలయాన్ని సబ్‌ప్యాచ్‌లో పెట్టి బ్లాక్~ 1 అని రాస్తే అక్కడ లెక్క ఒక్కో శాంపిల్ చొప్పున జరిగి పై స్థాయి స్వరాలూ వస్తాయి. భారం పెరుగుతుంది కాబట్టి అక్కడికే పరిమితం చేయాలి.

అపోహ: ఇది పాశ్చాత్యుల పన్నెండు స్వరాల యంత్రం, మన శ్రుతికి పనికిరాదు.

ఆసిలేటర్‌కు స్వరాలతో పనిలేదు, ఎన్ని హెర్ట్జ్ అన్నదే కావాలి. షడ్జమం 261.63 అనుకుంటే, మిడి లెక్కలో (పన్నెండు సమాన భాగాల లెక్క) పంచమం 392.00. మనకు కావలసిన శుద్ధ నిష్పత్తి 1.5తో గుణిస్తే 392.44. తంబురాలా ఎడతెగని నాదంలో ఈ చిన్న తేడాకే అల తేలుతుంది. అంతర గాంధారంలో తేడా ఇంకా పెద్దది, మిడిలో 329.63, 5/4 నిష్పత్తిలో 327.03. షడ్జమాన్ని ఒక్కచోట ఉంచి, మిగతావన్నీ గుణకారం పెట్టెలతో రాబట్టండి. గాయని శ్రుతి మారిస్తే ఒక్క అంకె మారిస్తే సరి.

అపోహ: పీడీని విస్తరించాలంటే సీ భాష రావాలి.

చాలా అవసరాలకు అక్కర్లేదు. మీ ప్యాచ్‌ను ఒక పేరుతో దాచి, అదే ఫోల్డర్‌లోని ఇంకో ప్యాచ్‌లో ఆ పేరు టైప్ చేస్తే అదే కొత్త ఆబ్జెక్టు, దాన్ని అబ్‌స్ట్రాక్షన్ అంటారు. పక్కన రాసే విలువ లోపల డాలర్ 1గా అందుతుంది. లోపలి సెండ్, రిసీవ్, అరే పేర్లకు ముందు డాలర్ 0 చేర్చడం మరవకూడదు. మరిస్తే రెండు కాపీలు ఒకదాని విలువలు ఇంకొకటి తొక్కేస్తాయి, ఎక్కడ చెడిందో అంతుపట్టదు.

ఒక్కో శాంపిల్‌ను కొత్త గణితంతో మలచాలన్నా, ఏదైనా పరికరంతో మాట్లాడించాలన్నా సీ అవసరం పడొచ్చు. అప్పుడు కూడా ఒకే హెడర్ ఫైలు, ఒక సెటప్ ఫంక్షన్‌తో మొదలవుతుంది. శబ్దాన్ని లెక్కించే ఫంక్షన్ 44,100 శాంపిళ్ల వేగంలో సెకనుకు 689 సార్లు నడుస్తుంది కాబట్టి అందులో ఫైలు చదవడం, మెమరీ అడగడం చేయకూడదు. తయారైనది సీలో రాసినదైనా, అబ్‌స్ట్రాక్షన్ అయినా, అదే పేరుకు హెల్ప్ అన్న తోక తగిలించి ఒక ఉదాహరణ ప్యాచ్ పక్కన పెట్టండి. ఎవరైనా మీ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి హెల్ప్ అడిగితే, పీడీ సొంత పెట్టెలకు తెరుచుకున్నట్టే అదీ తెరుచుకుంటుంది.