సిపాయిగానా, ఆఫీసర్‌గానా?
సైన్యంలో చేరాలనుకునే మన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు

మనూర్, నాగల్‌గిద్ద, నారాయణఖేడ్ పల్లెల్లో పదో తరగతి, ఇంటర్ పాసైన పిల్లల ముందు సాధారణంగా రెండు మూడు దారులే కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఏదైనా షాపులో పని, జహీరాబాద్ వైపు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలి, లేదా పాస్‌పోర్టు చేయించుకుని గల్ఫ్. ఈ మధ్య కొందరు పిల్లలు పొద్దున్నే లేచి రోడ్డు మీద పరుగు మొదలుపెట్టారు. ఆర్మీలో చేరతామంటున్నారు. సంతోషించాల్సిన మాటే. కానీ వారిలో చాలామందికి సైన్యంలోకి రెండు వేర్వేరు ద్వారాలు ఉన్నాయని తెలియదు. ఒకటి సిపాయి ద్వారం, రెండోది ఆఫీసర్ ద్వారం. ఏ ద్వారం ఎవరికి, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎప్పుడు మూసుకుంటుంది అన్నది ముందే తెలుసుకుంటే ఒక పిల్లవాడి జీవితం మారిపోవచ్చు. ఆలస్యంగా తెలిస్తే వయసు దాటిపోతుంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

రెండింటికీ తేడా ఏమిటి?

సిపాయి అంటే ఆయుధం పట్టి, యంత్రం నడిపి, సరిహద్దున కాపలా కాసి స్వయంగా పని చేసేవాడు. సిపాయి నుంచి లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ వరకు ఎదగవచ్చు. ఆఫీసర్ లెఫ్టినెంట్‌గా మొదలై కెప్టెన్, మేజర్, కల్నల్, ఆపైన జనరల్ దాకా వెళ్లవచ్చు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులోనే తనకన్నా పెద్దవారైన పదుల మంది జవాన్ల ప్రాణాల బాధ్యత అతని మీద పడుతుంది.

ఈ తేడాను ధైర్యంలో తేడాగా చూడకూడదు. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ సెక్టార్‌లో జీపు మీది తోపుతో శత్రు ట్యాంకులను కూల్చి అమరుడైన అబ్దుల్ హమీద్ ఆఫీసర్ కాదు, హవల్దార్. ఆయనకు పరమవీర చక్ర దక్కింది. 1948 జూలై 3న ఝంగర్‌లో ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ సాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొందిన ఆఫీసర్. ఆయనకు మహావీర చక్ర. ఇద్దరినీ దేశం ఒకే గౌరవంతో తలుస్తుంది. మన హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1947 విభజన సమయంలో భారత వైమానిక దళాన్నే ఎంచుకున్నారు. 1978 నుంచి 1981 వరకు ఆ దళానికే అధిపతిగా ఉన్నారు. కాబట్టి ఈ దారి మనది కాదన్న మాట ఎవరూ అనవద్దు.

సిపాయి ద్వారం: అగ్నివీర్

2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. అప్పటి నుంచి సిపాయిగా చేరేవారు ముందుగా నాలుగేళ్లకు అగ్నివీర్‌గా చేరాలి. పథకంలో పెట్టిన వయసు 17½ నుంచి 21 ఏళ్లు. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం మార్కులు కావాలి. టెక్నికల్‌కు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఇంగ్లీషు ఉండాలి. క్లర్కు పనికి ఇంటర్‌లో 60 శాతం కావాలి. ట్రేడ్స్‌మన్ పనుల్లో కొన్నింటికి ఎనిమిదో తరగతి చాలు.

ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష ఉంటుంది. 2025 నుంచి దీన్ని తెలుగు, ఉర్దూతో సహా 13 భాషల్లో రాయవచ్చు. అందులో నెగ్గినవారిని ర్యాలీకి పిలుస్తారు. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్‌లు, 9 అడుగుల గుంత దూకడం, ఆ తర్వాత వైద్య పరీక్ష. పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే పూర్తి మార్కులు వస్తాయి. మన జిల్లా వారికి సికింద్రాబాద్‌లోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధి వర్తిస్తుంది.

డబ్బు లెక్క చూద్దాం. మొదటి ఏడాది నెలకు 30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000 రూపాయలు. ఇందులో 30 శాతం సేవానిధికి కోస్తారు. అంటే మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000, నాలుగో ఏడాది 28,000. మనం కట్టినంతే ప్రభుత్వమూ కడుతుంది. నాలుగేళ్లకు అసలు 10.04 లక్షలు, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు పన్ను లేకుండా ఇస్తారు. వడ్డీ విషయంలో సందేహం ఉన్నవారు ఆలిములను అడిగి నిర్ణయించుకోవచ్చు. అసలు ఎంతో తెలియడం కోసమే రెండు అంకెలూ ఇచ్చాం.

ఇప్పుడు రెండో వైపు కూడా చూడాలి. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. వారు కనీసం మరో 15 ఏళ్లు పని చేస్తారు. మిగిలినవారు ఇంటికి వస్తారు. వారికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం ఉద్యోగాలు మాజీ అగ్నివీరులకు ఇస్తామని కేంద్ర హోంశాఖ ప్రకటించింది. అయినా ఆ ఉద్యోగాలు అందరికీ సరిపోవు. చేరేవారు అవివాహితులై ఉండాలి, ఆ నాలుగేళ్లలో నికాహ్ కుదరదు. సంబంధం చూసి పెట్టుకున్న తల్లిదండ్రులు ఇది గమనించాలి.

ప్రమాదం మాట దాచకూడదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర జరిగిన కాల్పుల్లో అమరుడయ్యాడు. మన చుట్టూ ఉన్న తండాల్లాంటి ఒక తండా బిడ్డ. అగ్నివీర్‌కు 48 లక్షల బీమా ఉంది. విధి నిర్వహణలో చనిపోతే మరో 44 లక్షల పరిహారం, సేవానిధి, మిగిలిన కాలం జీతం కుటుంబానికి అందుతాయి. ఏ అంకె అయినా బిడ్డకు బదులు కాదు. చేరే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ మాట కూడా మాట్లాడుకోవాలి.

ఆఫీసర్ ద్వారం

దీనికి ఒకటి కాదు, చాలా దారులు ఉన్నాయి. ముఖ్యమైనవి ఇవి.

ఇంటర్ తర్వాత ఎన్డీఏ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వయసు 16½ నుంచి 19½. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే రాయవచ్చు. ఆర్మీకి ఏ గ్రూపు వారైనా అర్హులే. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కు సైన్స్, మ్యాథ్స్ ఉండాలి. మ్యాథ్స్ పేపరు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ పేపరు 600 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. మ్యాథ్స్ పేపరు అందరికీ తప్పనిసరి కాబట్టి సీఈసీ, బైపీసీ పిల్లలు దానికి వేరుగా తయారు కావాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలో మాత్రమే ఉంటుంది. ఒక్కో పరీక్షకు సుమారు 400 సీట్లు, దేశమంతటి నుంచి లక్షల దరఖాస్తులు. ఎంపికైతే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆర్మీ వారికి ఆపై డెహ్రాడూన్‌లో ఏడాది శిక్షణ. చదువు, భోజనం, బట్టలు ప్రభుత్వానివే. చేతిఖర్చు మాత్రం ఇంటివారు చూసుకోవాలి. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు దానికీ సహాయం దొరుకుతుంది.

డిగ్రీ తర్వాత సీడీఎస్. ఇదీ యూపీఎస్సీ పరీక్షే, ఏడాదికి రెండుసార్లు. డెహ్రాడూన్ అకాడమీకి 24 ఏళ్ల లోపు, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి 25 ఏళ్ల లోపు వారు అర్హులు. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ ఉండి డిగ్రీలో 50 శాతం వచ్చినవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూ అవకాశం ఉంది. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లకు అఫ్‌క్యాట్ పరీక్ష ఉంది. వారి అకాడమీ మన దుండిగల్‌లోనే ఉంది.

రాత పరీక్ష నెగ్గిన తర్వాత అసలు పరీక్ష ఎస్‌ఎస్‌బీ. ఐదు రోజులు అక్కడే ఉంచి చూస్తారు. బొమ్మ చూపి కథ రాయిస్తారు, గుంపులో చర్చ పెడతారు, తాళ్లు, కర్రలు, డ్రమ్ములు ఇచ్చి కాలువ దాటమంటారు, ఇంటర్వ్యూ చేస్తారు. పిల్లవాడికి ఎంత తెలుసు అన్నదానికన్నా, నలుగురిని కలుపుకుని పని చేయించగలడా, ఒత్తిడిలో నిజం చెబుతాడా అన్నదే చూస్తారు. మొదటిసారి తప్పి, మూడోసారి, నాలుగోసారి నెగ్గినవారు ఎందరో ఉన్నారు. గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూల్ నుంచి ఎన్డీఏ దారిలో వెళ్లినవారే.

లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలు, దానిపై 15,500 మిలిటరీ సర్వీస్ పే, ఇతర భత్యాలు. అయితే ఆఫీసర్ ఉద్యోగం కూడా ప్రతిసారీ జీవితకాలానిది కాదు. చెన్నై అకాడమీ నుంచి షార్ట్ సర్వీసులో వెళ్లేవారికి 10 ఏళ్లు, కోరుకుంటే మరో 4 ఏళ్లు. 20 ఏళ్లు నిండకపోతే పింఛను రాదు. ఇది తెలిసి ఎంచుకోవాలి.

ఏది ఎంచుకోవాలి?

మన దగ్గర ఈ ప్రశ్నను తెలివితేటలు కాదు, ఇంటి పరిస్థితే తేలుస్తుంది. తండ్రి లేని ఇంట్లో, చెల్లెళ్ల పెళ్లిళ్లు ముందున్న ఇంట్లో పెద్ద కొడుకును ఐదేళ్లు చదివించి ఆగమనడం సులభం కాదు. అలాంటి ఇంటి పిల్లవాడు 18 ఏళ్లకు అగ్నివీర్‌గా చేరితే తప్పేమీ లేదు, అది గౌరవమైన నిర్ణయం. కానీ ఇంట్లో ఒక ఏడాది, రెండేళ్లు ఆగే వీలుంటే, పిల్లవాడికి చదువు అబ్బితే, ఆఫీసర్ ప్రయత్నం చేయకుండా వదిలేయడం నష్టం.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ రెండు ద్వారాలు ఒకదానికొకటి అడ్డు కావు. ఎన్డీఏ వయసు 19½కు ముగుస్తుంది, అగ్నివీర్ వయసు 21 దాకా ఉంటుంది. అంటే ముందు ఎన్డీఏ రెండు మూడు సార్లు రాసి, రాకపోతే అగ్నివీర్‌కు వెళ్లడానికి ఇంకా సమయం ఉంటుంది. వరస తిరగేస్తే ఎన్డీఏ చేజారుతుంది. అగ్నివీర్‌గా చేరినవాడు సర్వీసులో ఉండగానే ఇగ్నో డిగ్రీ పూర్తి చేసుకుంటే, 22 ఏళ్లకు బయటికి వచ్చి సీడీఎస్ రాయవచ్చు. రెగ్యులర్ సిపాయిగా నిలిచినవారికి ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా ఆఫీసర్ అయ్యే దారి ఉంది. సిపాయిగా మొదలుపెట్టినంత మాత్రాన అక్కడే ఆగిపోవాలని లేదు, చదువు మానకుండా ఉంటే.

మనవారికి వచ్చే సందేహాలు

సైన్యంలో మతం పేరుతో గానీ, కులం పేరుతో గానీ రిజర్వేషన్ లేదు. అందరికీ ఒకే పరుగు, ఒకే పేపరు. యూనిట్లలో ప్రార్థనకు చోటు ఉంటుంది. పండిత్, గ్రంథీలతో పాటు మౌల్వీలను కూడా సైన్యమే మతబోధకులుగా నియమించుకుంటుంది. అయితే డ్యూటీలో ఉన్నప్పుడు జుమాకు వెళ్లడం ప్రతిసారీ కుదరదు. గడ్డం విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి. ఎయిర్‌ఫోర్స్‌లో గడ్డం గురించిన కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు దళం నియమాన్నే సమర్థించింది. ఈ సంగతులు ముందే తెలుసుకుని, మనసు స్థిరపరచుకుని వెళ్లడం మేలు. ఒక సౌకర్యం కూడా ఉంది. జవాన్ల మధ్య నడిచే భాష హిందుస్తానీ. ఇంట్లో దక్కనీ మాట్లాడే మన పిల్లలకు అది పరాయి భాష కాదు.

ఆడపిల్లల మాట. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్డీఏ పరీక్ష అమ్మాయిలకూ తెరుచుకుంది. 2025 మేలో 17 మంది అమ్మాయిల మొదటి బ్యాచ్ శిక్షణ ముగించింది. అగ్నివీర్‌లో మిలిటరీ పోలీసు విభాగానికి అమ్మాయిలను తీసుకుంటున్నారు. మ్యాథ్స్‌లో ముందున్న మన బిడ్డలు ఎందరో ఉన్నారు. వారి ముందు ఈ దారి కూడా పెట్టండి.

ఇప్పుడే చేయాల్సిన పనులు

మొదటిది, కాగితాలు. ఆధార్‌లో మహ్మద్, పదో తరగతి మెమోలో ఎం.డి., కుల ధృవపత్రంలో మొహమ్మద్ అని మూడు రకాలుగా ఉంటే ర్యాలీ రోజున తిప్పలు తప్పవు. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా అన్నింటిలో ఒకేలా ఉండాలి. కుల ధృవపత్రంలో మతం రాసి లేకపోతే తహసీల్దార్ నుంచి వేరుగా పత్రం అడుగుతారు. నివాస పత్రం, సర్పంచ్ ఇచ్చే నడవడిక, అవివాహిత పత్రాలు కూడా ముందే సిద్ధం చేసుకోవాలి.

రెండోది, తరగతిని బట్టి ప్రయత్నం. ఐదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకు సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఉంది. ఏడో తరగతి వారికి డెహ్రాడూన్ రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ పరీక్ష ఉంది. పదో తరగతి పిల్లలు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఏ దారీ మూసుకుపోదు. డిగ్రీలో చేరేవారు ఎన్‌సీసీ ఉన్న కాలేజీ చూసుకోవాలి.

మూడోది, దలాలులను నమ్మవద్దు. సైన్యంలో ఉద్యోగం ఎవరూ డబ్బుకు ఇప్పించలేరు. సిపాయి భర్తీకి జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్, ఎన్డీఏ, సీడీఎస్‌కు యూపీఎస్సీ వెబ్‌సైట్ చూడండి. వయసు, మార్కుల నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ప్రతి నోటిఫికేషన్‌ను పూర్తిగా చదివాకే దరఖాస్తు చేయండి.

చివరగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడు ఆర్మీ అనగానే వద్దని కొట్టిపారేయకండి, సరే పో అని వదిలేయకండి. వాడి పుట్టిన తేదీ, మార్కుల మెమో ముందు పెట్టుకుని, ఏ ద్వారం ఎప్పటిదాకా తెరిచి ఉందో ఒక కాగితం మీద లెక్క రాయండి. ఆ లెక్క వేయడం రాకపోతే ఊళ్లో సర్వీసు చేసి వచ్చినవారిని, స్కూల్ సార్లను అడగండి. అల్లాహ్ మన పిల్లలకు మంచి నిర్ణయం చేసే బుద్ధిని, దాని మీద నిలబడే శక్తిని ప్రసాదించుగాక.