నలభై నాలుగేళ్ళకు సైకిలెక్కాను!

"సైకిల్ తొక్కితే సన్నబడతారా?" అని ఇప్పటికి పదిమందైనా నన్ను అడిగి ఉంటారు. నేనైతే సన్నబడలేదు. పొద్దున్నే తొక్కి వచ్చి ఇంత ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు లాగిస్తే ఎవరు సన్నబడతారు చెప్పండి? ఆ ఆశతో చదవబోయే సోదరీమణులు ఇక్కడే పేజీ తిప్పేసి వంటల శీర్షికకు వెళ్ళిపోవచ్చు. నేను చెప్పబోయే సంగతి వేరు.

మాది కర్నూలు. మావారు ఒక దుకాణంలో లెక్కలు రాస్తారు. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, 2017లో, బళ్ళో సైకిల్ ఇచ్చారు. అప్పట్లో ప్రభుత్వ పాఠశాలల్లో చదివే ఆడపిల్లలకు 'బడికొస్తా' అనే పథకం కింద సైకిళ్ళు పంచారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పిల్ల రెండేళ్ళు దాని మీదే బడికి పోయింది. తర్వాత తను హాస్టల్‌కు, సైకిలేమో మెట్ల కిందికి! ఇక దాని మీద పడని వస్తువు లేదు. ఉల్లిగడ్డల సంచి, చిరిగిన దుప్పట్లు, పగిలిన బకెట్టు... అన్నిటికీ అదే అటక.

కిందటేడు పండక్కి ఇల్లు దులుపుతుంటే "పాత ఇనుప సామాన్లవాడికి వేసేద్దాం" అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. దుమ్ము తుడుస్తుంటే చెయ్యి తగిలి బెల్లు మోగింది. అంతే, నా చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది. ఇనుప సామాన్లవాడు వచ్చాడు, పోయాడు. సైకిల్ మాత్రం ఇవ్వలేదు.

ఏడు కిలోమీటర్లు

ఎందుకు ఇవ్వలేదో చెప్పాలంటే మా పుట్టింటి సంగతి చెప్పాలి. మాది కడప జిల్లా, మైదుకూరు పక్కన పల్లె. ఊరి నుంచి మైదుకూరు ఏడు కిలోమీటర్లు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అది కూడా వస్తే వచ్చినట్టు! మా అన్నకు అట్లాస్ సైకిల్ ఉండేది. వాడు, వాడి స్నేహితులు ఈలలేసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. నేను బస్సు కోసం వేపచెట్టు కింద నిలబడేదాన్ని. అట్లాగే తంటాలు పడి 1998లో ఇంటర్ గట్టెక్కాను. డిగ్రీకి ప్రొద్దుటూరు పోవాలి. మైదుకూరు చేరితే అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బస్సులకు కరువు లేదు. కానీ ఆ మొదటి ఏడు కిలోమీటర్లు ఎట్లా? "అన్న సైకిల్ నేర్చుకుంటా నాయనా" అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగాను. "ఆడపిల్ల సైకిల్ తొక్కితే ఊరు ఏమనుకుంటుందే?" అన్నాడు నాయన. కోపంగా కూడా కాదు, మామూలుగా అన్నాడు. నా చదువు ఆ ఏడు కిలోమీటర్ల కాడ ఆగిపోయింది.

నాయనను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయనకు తెలిసిన లోకం అది. కానీ మనకు పెద్ద దూరం కాని పుదుక్కోటలో, తమిళనాడులో, అంతకు ఆరేడేళ్ళ ముందే ఏం జరిగిందో తర్వాతెప్పుడో చదివి నోరు తెరిచాను. 1991-92లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. షీలారాణి చుంకత్ అనే ఆవిడ కలెక్టరు. చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పాలని పెట్టుకున్నారట. కూలి పనులకు పోయేవాళ్ళు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ వర్కర్లు... ఒకరా ఇద్దరా, లక్షమంది దాకా ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు! పి. సాయినాథ్ అనే జర్నలిస్టు 1996లో వచ్చిన తన పుస్తకంలో ఇదంతా రాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారట. కొందరైతే అవే మేలన్నారట, ముందున్న బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. తల్లి బుద్ధి ఎక్కడికి పోతుంది!

బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ డబ్బులిస్తే, హైస్కూలుకు వచ్చే ఆడపిల్లల సంఖ్య మూడో వంతు దాకా పెరిగిందని పరిశోధన చేసినవాళ్ళు లెక్క తేల్చారు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న ఊళ్ళలోనే ఆ తేడా ఎక్కువ కనిపించిందట. మూడు కిలోమీటర్లట! మా ఊరికి ఏడు.

కాలువ గట్టు మీద

మెట్ల కింది సైకిల్‌ను రిపేరు అంగడికి తీసుకుపోతే టైర్లు, ట్యూబులు రెండూ మార్చాలన్నాడు. "ఎవరికమ్మా, పాపకా?" అని అడిగాడు. "నాకే" అన్నాను. అతను ఒక నిమిషం నన్ను చూసి, "అట్లైతే రెండు పెడళ్ళు విప్పి ఇస్తా, వారం రోజులు కాళ్ళతో నేల తన్నుకుంటా పోండి, బ్యాలెన్సు దానంతటదే వస్తాది" అన్నాడు. నేర్చుకోదలచిన వాళ్ళకు ఇంతకన్నా మంచి చిట్కా నేను చెప్పలేను. రెండు పాదాలూ నేలకు ఆనేట్టు సీటు దించుకోవాలి, పెడళ్ళు లేకుండా ముందు నెట్టుకుంటూ పోవాలి. ఇంట్లోనే విప్పుకోబోయే వాళ్ళకు ఒక మాట. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. మామూలు బోల్టులాగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది.

ఇక ఎక్కడ నేర్చుకోవడం? వీధిలోనైతే నలుగురూ చూస్తారు. అప్పుడు గుర్తొచ్చింది కె.సి. కాలువ. కర్నూలు-కడప కాలువ పేరు వినని రాయలసీమ వాళ్ళుండరు. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వాళ్ళు తవ్వించారు, పొలాలకే కాదు, పడవలు నడపడానికి కూడా. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని, కర్నూలు మీదుగా, నంద్యాల వైపు తిరిగి, మా మైదుకూరు పొలాలు తడిపి కడపకు పోతుంది. అంటే నేను పుట్టిన చోటికి, మెట్టిన చోటికి ఒకటే కాలువ! నీళ్ళు నిదానంగా పారాలి కాబట్టి దానికి వాలు ఉందా లేదా అన్నట్టుంటుంది. గట్టు కూడా అంతే. నేర్చుకునేవాళ్ళకు ఎక్కుడు లేదు, దిగుడు లేదు.

పొద్దున అయిదుకు మా అబ్బాయిని లేపుకుని ఊరి బయట గట్టు మీదికి పోయేదాన్ని. వాడు వెనక క్యారియర్ పట్టుకునేవాడు. "మా, చక్రం చూడొద్దు, దూరంగా చూడు" అని ఒకటే పోరు. చిన్నప్పుడు వాడికి నడక నేర్పింది నేనేనని వాడికి గుర్తు చేయాల్సి వచ్చింది. నాలుగో రోజు నేరుగా కంపచెట్లలోకి పోయాను. మోచేతి నిండా ముళ్ళు. ఇంటికొచ్చి పిన్నీసుతో తీసుకుంటుంటే మావారు చూసి ఏమీ అనలేదు, పసుపు తెచ్చిచ్చారు. తొమ్మిదో రోజు వెనక నుంచి మాట్లాడుతున్న అబ్బాయి గొంతు దూరమైపోయింది. తిరిగి చూద్దామంటే పడతానని భయం. ఎప్పుడో వదిలేశాడు వెధవ! కాలువలో నీళ్ళు, పక్కన నేను, ఇద్దరం కడప వైపే పోతున్నాం. ఆ పూట ఏడుపొచ్చిందని రాయడానికి సిగ్గెందుకు, వచ్చింది.

పక్కింటావిడ మాత్రం ఊరుకోలేదు. "ఏంది వదినా, సైకిలు నేర్సుకుంటాండావంట? అన్న స్కూటీ తీసియ్యలేదా?" అంది. ఇప్పుడు ఊరు అనుకునేది అదన్నమాట! అప్పుడు ఆడపిల్ల సైకిలెక్కితే బరితెగింపు, ఇప్పుడు ఎక్కితే బీదరికం. ఏదెట్లైనా పెట్రోలు లీటరు వంద దాటిన రోజుల్లో నా బండికి కావలసింది గాలి ఒక్కటే.

దీంట్లో ఉండే సుఖాలు చాలా చిన్నవి. తొక్కడం ఆపేసినప్పుడు వెనక చక్రం టిక్‌టిక్‌టిక్‌మని చేసే చప్పుడు. జొన్నలు క్యారియర్‌కు కట్టుకుని పిండిమరకు పోయి, వెచ్చటి పిండి సంచితో తిరిగి రావడం. రైతుబజారులో కరివేపాకు కొనుక్కుని వస్తుంటే దారి పొడుగునా ఆ వాసన. బొరుగుల మూట ఎంత పెద్దదైనా బరువే లేకపోవడం. (ఉగ్గానికి బొరుగులు నేనే తెస్తానని ఇప్పుడు ఇంట్లో పోటీ లేదు.) అన్నిటికన్నా పెద్ద సుఖం, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగడం. ఇరవై ఏళ్ళకు పైగా నేను బండి వెనక కూర్చుని పోయినదాన్నే. ముందున్న దారి నేనెప్పుడూ చూడలేదు, ఆయన వీపే చూశాను.

కొండెక్కిన ముచ్చట

కొంచెం ధైర్యం వచ్చాక మా ఆడపడుచు కొడుకు గేర్ల సైకిల్ అడిగి తీసుకుని జగన్నాథగట్టుకు పోయాను. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి తెచ్చి కట్టిన పాత శివాలయం ఉంది అక్కడ. ఇట్లాంటి లావు టైర్ల సైకిళ్ళను కొండ సైకిళ్ళంటారని మావాడే చెప్పాడు. ఇవి పుట్టిన కథ తమాషాగా ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1970లలో, ఎవరికీ అక్కరలేని పాతకాలపు బరువైన సైకిళ్ళు పోగేసి టమాల్పైస్ కొండ మట్టిదారుల్లో కిందికి దూకించేవాళ్ళట. అక్కడ ఒక దారిలో దిగేసరికి వెనక చక్రంలోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ గ్రీజు నింపితే గానీ పనికొచ్చేది కాదు. అందుకని ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు పెట్టుకున్నారు. మొదటి పందెం 1976లో. అంటే ఇంత ఖరీదు సైకిళ్ళకు మూలం ఎవరో మెట్ల కింద పారేసిన సైకిళ్ళే!

ఎక్కేటప్పుడు సగం దూరం నేను సైకిల్‌ను నడిపించుకుంటూ పోయానని ఒప్పుకుంటాను. దిగేటప్పుడు మాత్రం దిగలేదు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారో తల్లకిందులే. రెండూ కలిపి, మెల్లమెల్లగా వదులుతూ పట్టుతూ, వెనకవైపు బరువు ఉంచి దిగాలి. చెవుల్లో గాలి హోరు, కింద తెల్లారుతున్న ఊరు... దేవుడి దర్శనం మర్చిపోయి వచ్చేశానని సగం దారిలో గుర్తొచ్చింది. ఇంకోసారి పోవడానికి సాకు దొరికిందిలే అనుకున్నాను.

మన సీమలో సైకిల్‌కు పగవాడు ఎండ కాదు, పల్లేరుకాయ. ఏ పక్క పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అమెరికాకు కూడా ఈ మొక్క పాకింది, అక్కడ దాని పేరే 'పంక్చర్ తీగ'! గట్టు మీది నుంచి రాగానే టైరును చుట్టూ తిప్పి చూసుకోండి. ముల్లు కనిపిస్తే లాగి, ఆ చోట తడివేలు పెట్టండి, బుడగ వస్తే ట్యూబు పోయినట్టే. చైనును కిరసనాయిలు గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె చుక్కలు వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్మంతా పట్టి జిడ్డు కడుతుంది. చుడీదారు అంచు చైనులో పడకుండా బట్టలారేసే క్లిప్పు చాలు. తొక్కడం వచ్చాక సీటు కాస్త ఎత్తించుకోండి, పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనించి పెడితే కాలు చాపుకున్నట్టుండాలి. ఇది చేయకనే చాలామందికి మోకాళ్ళ నొప్పులు. వేసవిలో ఏడు దాటకముందే ఇంటికి చేరాలి.

మొన్న సంక్రాంతికి మైదుకూరు పక్కన మా ఊరికి పోయాం. నాయనకు ఎనభై దాటాయి. పొద్దంతా అరుగు మీదే ఉంటాడు. అన్న కొడుకు సైకిల్ వాకిట్లో ఉంటే తీశాను. ఆయన ముందు తీయడానికి ఇప్పటికీ నాకు గుండె దడదడలాడింది. కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. "యాడికి?" అన్నాడు. "మైదుకూరు దాకా పోయొస్తా నాయనా" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. నేను స్టాండు తీసి, సీటు మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నాను, పదిహేడేళ్ళ పిల్లలాగా.

"బ్రేకులు సూసుకున్నావా?" అన్నాడు.

"చూసుకున్నా."

"పోయొచ్చేటప్పుడు అంగట్లో వక్కపొడి పొట్లం తెచ్చిపెట్టు" అన్నాడు. ఒకప్పుడు అన్నకు చెప్పినట్టే.