పోలీసుల నేరాలకు లెక్క రాసేదెవరు?

ఊళ్లో జరిగే దొంగతనాలకూ దొమ్మీలకూ పోలీస్ స్టేషన్‌లో లెక్క ఉంటుంది. మరి పోలీసులే చేసిన నేరాలకు? ఆ లెక్క తేల్చడానికి పరిశోధకులు పట్టిన దారులు చిత్రమైనవి.

● పేపరే రికార్డు
అమెరికాలో ఏటా ఎంతమంది పోలీసులు అరెస్టవుతున్నారో చెప్పే జాతీయ స్థాయి ప్రభుత్వ లెక్కలు లేవు. ఒకప్పుడు పోలీసుగా పనిచేసిన బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫిలిప్ స్టిన్సన్ గూగుల్ అలర్ట్స్ పెట్టుకుని, అలాంటి అరెస్టు వార్తలన్నీ పోగుచేశాడు. 2005 నుంచి 2011 వరకు 6,724 కేసులు తేలాయి. వాటిలో ఇరుక్కున్న పోలీసులు 5,545 మంది.

● డ్యూటీ దిగాక
ఆ కేసుల్లో దాదాపు 60 శాతం డ్యూటీలో లేనప్పటివే. స్టిన్సన్ వాటిని ఐదు రకాలుగా చూశాడు: లైంగిక నేరాలు, మద్యం, డ్రగ్స్, హింస, డబ్బు కక్కుర్తి. ఒకే కేసు రెండు మూడు రకాల కిందికి రావచ్చు. తాగొచ్చి ఇంట్లోవాళ్లను కొడితే అది మద్యం ఖాతాలోనూ పడుతుంది, హింస ఖాతాలోనూ పడుతుంది.

● నోరు మెదపరు
1950 ప్రాంతంలో సామాజిక శాస్త్రవేత్త విలియం వెస్ట్‌లీ ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ పట్టణ పోలీసులను దగ్గరుండి గమనించాడు. తోటి ఉద్యోగి తప్పు చేస్తే పైవాళ్లకు చెబుతారా అని అడిగితే, చెప్పబోమన్నవాళ్లే ఎక్కువ. ఆ పరిశోధన 1970లో గానీ పుస్తకంగా రాలేదు.

● గడ్డి, మాంసం
ఫ్రాంక్ సెర్పికో అనే పోలీసు బయటపెట్టిన లంచాల గుట్టు న్యూయార్క్‌లో న్యాప్ కమిషన్‌కు దారితీసింది. 1972 నాటి దాని నివేదికలో అవినీతిపరులు రెండు రకాలు. వెంటపడి డబ్బు గుంజేవాళ్లు మాంసం తినేవాళ్లు, చేతికందింది కాదనకుండా జేబులో వేసుకునేవాళ్లు గడ్డి తినేవాళ్లు. అసలు చిక్కు రెండో రకంతోనే అంది కమిషన్. వాళ్లు ఎక్కువమంది కావడంతో తప్పు కాస్తా మర్యాదగా చలామణీ అవుతుంది.

● తిన్నావా అని అడగకుండా
లంచం తీసుకున్నావా అంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే పరిశోధకుడు కార్ల్ క్లాకార్స్ బృందం అమెరికాలోని 30 పోలీసు శాఖల్లో 3,235 మందికి 11 కల్పిత సందర్భాలిచ్చి, ఇది ఎంత పెద్ద తప్పు, చూస్తే ఫిర్యాదు చేస్తావా అని అడిగింది. దొరికిన పర్సులోంచి డబ్బు తీయడం ఘోరమన్నారు. తాగి బండి గుద్దిన తోటి పోలీసును వదిలేయడం దగ్గరికొచ్చేసరికి, ఫిర్యాదు చేయబోమన్నవాళ్లే ఎక్కువయ్యారు.

● ఉత్తుత్తి ఫిర్యాదుదారులు
రాజస్థాన్‌లో 11 జిల్లాల్లోని 162 పోలీస్ స్టేషన్లలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అధ్యయనం చేసింది. పరిశోధన సిబ్బంది బాధితుల వేషంలో వెళ్లి, కేసు రాసుకుంటారో లేదో చూశారు. పోలీసు సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మాటిమాటికీ బదిలీలు ఆపినచోట ప్రజల్లో సంతృప్తి పెరిగింది.

● మద్రాసు చిత్రహింసల కమిషన్
బ్రిటిష్ పాలనా కాలంలో గాజుల లక్ష్మీనరసు చెట్టి స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ రైతులపై జరిగే హింసల గురించి మొరపెట్టుకుంది. విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లి, ప్రభుత్వం కమిషన్ వేసింది. వందల మైళ్ల దూరం నుంచి వచ్చినవాళ్లూ, ఉత్తరాలు రాసినవాళ్లూ కలిసి 1,959 మంది బాధలు చెప్పుకున్నారు. శిస్తు కట్టనివారి వేళ్లను ఒకవైపు కట్టేసిన రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కేవారట. శిస్తు వసూలూ పోలీసు అధికారమూ ఒకే ఉద్యోగి చేతిలో ఉండటమే రోగమని 1855 నివేదికతో బయటపడింది. 1859లో చట్టం చేసి, మద్రాసు పోలీసును రెవెన్యూ నుంచి విడదీశారు.