వాకిటికి వచ్చిన విద్యార్థిని



కళాశాలలో చదువుకొను పిల్లలు కాగితముల కట్ట చేతబట్టుకొని మన వాకిళ్లకు వచ్చి, ఇంటిలో నెందరున్నారు, నీరెక్కడినుండి తెచ్చుకొందురు, ఏమి సంపాదింతురు అని యడుగుట యీ నడుమ మన ప్రాంతమున తరచుగా కానవచ్చుచున్నది. “వీరికి మనతో నేమి పని?” యని కొందరు తలుపు వేసికొనుచున్నారు. నేనును మొదట నట్లే తలచితిని. గడచిన వేసవిలో, చంద్రగిరి చేరువనున్న మా గ్రామమున జరిగిన చిన్న సంగతి నా తలపును మార్చినది.

రసాయనశాస్త్రము చదువుచున్న బాలిక యొకతె మా ప్రక్కింటి పాడిగల యిల్లాలిని ప్రశ్నించుచుండగా నేను వాకిట నిలిచి వింటిని. “మీరేమి పని చేయుదురు?” అని బాలిక యడిగినది. “నాకేం పనుంది పాపా, ఇంట్లోనే ఉంటా” అని యామె బదులు చెప్పినది. బాలిక “ఏ పనియు లేదు” అని వ్రాసికొని తరువాతి ప్రశ్నకు పోయినది. ఆ సమయమున నా యిల్లాలు రెండు చేతులతో పేడ యెత్తుచుండెను!

ఈ పిల్లలు వచ్చుటకు కారణమేమో చెప్పెదను. బాల్యమున కొన్నియేండ్లు తిరుపతిలోనే చదువుకొనిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి యధ్యక్షతను 1948లో నేర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యార్థులు స్వచ్ఛందముగా దేశసేవ చేయుట మేలని సూచించెను. గాంధీమహాత్ముని శతజయంతి వత్సరమగు 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో నారంభమయ్యెను. “నేను కాదు, నీవు” అనునది దాని సూత్రవాక్యము. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేండ్ల సేవయు, గ్రామమున ఏడుదినముల శిబిరమును దాని నియమములు. 1954లో తిరుపతిలో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమునను, 1983లో స్త్రీలకొరకే స్థాపింపబడిన శ్రీపద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను ఈ పథకము కలదు. అది యిష్టపడినవారికి మాత్రమే. కాని 2020-21లో మన రాష్ట్రమున డిగ్రీ పాఠ్యక్రమమును మార్చినపుడు, మొదటి యేడు ముగించిన విద్యార్థి 180 గంటలు ప్రజలనడుమ పనిచేసి నివేదిక వ్రాయవలయునని విధించిరి. మా యూరికి వచ్చిన బాలికయు నట్టి పనిమీదనే వచ్చినది.

ఆమెను లోనికి బిలిచి మజ్జిగ యిచ్చి, “అమ్మాయీ, రేపు తెల్లవారుజామున నాలుగు గంటలకు రాగలవా?” అని యడిగితిని. ఆమె మేనత్త మా వీథిలోనే యుండుటచే రాగలిగినది. ఆ దినమంతయు నా యిల్లాలి వెంట తిరిగి గంటలు గుర్తించుకొన్నది. కొట్టము శుభ్రము చేయుట, రెండావులను పితుకుట, పాలకేంద్రమునకు పోయి వచ్చుట, వంట, మామిడితోటలో కాయలకోతకు కూలి, మేత కోసి తెచ్చుట, మరల పితుకుట, మరల వంట. రాత్రి లెక్క చూడగా పదునైదు గంటలు తేలినది. బాలిక తన కాగితమును చాలసేపు చూచి, “ఏ పనియు లేదు” అను మాటను కొట్టివేసినది.

ఇంకొక విశేషము కలదు. పాలకేంద్రమున వెన్నశాతమును బట్టి ధర కట్టుదురు. దానినే మనవారు ఫ్యాటు అందురు. “ఆవు అదే, మేత అదే. నిన్న నాలుగొచ్చె, ఈ పొద్దు మూడున్నర. ఎందుకు పాపా?” అని యిల్లాలు ప్రశ్నించినది. బాలికకు తెలియలేదు. తన యధ్యాపకురాలి నడిగి, మూడవనాడు వచ్చి చెప్పినది: పొదుగునుండి మొదట వచ్చు పాలు పలుచన, తుదిధారలో వెన్న మెండు, పాలు నిలువయుంచిన మీగడ పైకి తేలును గనుక బాగుగా కలిపి పరీక్షకు తీయనిచో లెక్క తప్పును, ఎండుమేత చాలకున్నను వెన్న తగ్గును. ఇల్లాలు నవ్వి, “చివరి పాలు చిక్కన అని మా యమ్మ ఎప్పుడో చెప్పింది. అందుకే దూడకు వదిలేది. దూడ బలిస్తేనే కదా రేపటి ఆవు!” అన్నది. “ఈ మాట నా పుస్తకములో లేదండీ” అని బాలిక దానిని వ్రాసికొన్నది.

భారతము ఆదిపర్వములో ఆరుణి యను శిష్యుడు గురుని పొలమున గట్టు తెగగా, నీరు పోకుండ తానే యడ్డముగా పరుండెను. గురువు సంతసించి, వేదములును ధర్మశాస్త్రములును నీకు ప్రకాశించుగాక యని దీవించెను. పొలమునకును వేదమునకును నేమి సంబంధమని చిన్ననాట మా తండ్రిగారి నడిగితిని. తృప్తికరమైన సమాధానము దొరకలేదు. పాడియావు చెంత నిలిచిన యీ బాలికను చూచిన పిదప నాకది బోధపడినది. పుస్తకమున నక్షరమైయున్నది చేతిపనిలో నర్థమగును. నాడు గురువునకు సేవచేసి విద్య గొనిరి. నేడు ఊరికి సేవచేసి, ఊరివద్దనే విద్య గొనవలెను. కనుక నేర్పుదమని వచ్చినవారు ముందుగా నేర్చుకొనవలసియున్నది.

ఐనను లోపములు లేవనను. వీథి త్రొక్కకయే నివేదిక నింపువారును, ఒకరి వ్రాతను మరియొకరు చూచి వ్రాయువారును కలరు. మార్కులే ఫలమైనచో 180 గంటలు కాగితముమీదనే గడచిపోవును. అడిగిపోయి మరల రానిచో ఊరివారికి దక్కునది విసుగు మాత్రమే.

సోదరీమణులారా, దీనిని చక్కబెట్టుట కొంత మన చేతిలోనే యున్నది. ఆడపిల్లను పరాయి వాకిలి కెట్లు పంపుదుమని వెనుదీయకుడు. ఒంటరిగా గాక తోడుతో పంపుడు, కాని పంపుడు. మీ వాకిటికి వచ్చినవారిని ఆదరించి నిజము చెప్పుడు. “మరల వచ్చి, తెలిసినది మాకును చెప్పవలెను” అని మాట తీసికొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ పని యేమని యడిగినపుడు “ఏమీ లేద”ని మాత్రము చెప్పకుడు.