పిల్లల గదిలో దీపం: ఒక హెచ్చరిక

పిల్లలు చీకటికి భయపడతారని రాత్రంతా చిన్న దీపం వెలిగించి ఉంచుతాం. ఆ దీపం వారి చేతికి అందుతుందా? దాని మూత గట్టిగా ఉందా? ఎప్పుడైనా పరిశీలించారా?

ఆస్ట్రియా దేశంలో 19 నెలల బిడ్డ సాకెట్‌కు తగిలించిన నైట్ ల్యాంపును పీకబోగా, ప్లాస్టిక్ మూత ఊడి లోపలి కరెంటు భాగాలు బయటపడ్డాయి. బిడ్డకు షాక్ కొట్టి చేతికి స్వల్ప గాయమైంది. ఈ సంగతి తెలియగానే ఐకియా సంస్థ 2015 ఆగస్టులో 'పాట్రుల్' అనే ఆ రకం దీపాలను వాడవద్దని ప్రకటించి, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చింది. అదే ఏడాది చివర్లో 'గోథెమ్' దీపాలనూ వెనక్కి పిలిచింది. వాటిలో వైరు దెబ్బతిని, లోహపు భాగానికి కరెంటు వచ్చే ప్రమాదం ఉంది.

షాక్ ఎందుకు ప్రమాదకరం?

మన ఇళ్ళలోని కరెంటు 230 వోల్టులు. అది గుండె గుండా ప్రవహిస్తే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలలేకపోవచ్చు. చర్మం తడిగా ఉంటే ముప్పు మరింత ఎక్కువ. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల కండరాలు కాలి ఉండవచ్చు.

మీరు పాటించవలసినవి

1. మూత వదులైన, పగిలిన, వైరు తేలిన దీపాన్ని వెంటనే వాడటం మానండి. ముందు స్విచ్ ఆపి, తర్వాతే ప్లగ్గు తీయండి.
2. టేపు చుట్టి, జిగురు అంటించి మళ్ళీ వాడకండి. అది పొదుపు కాదు.
3. కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువును ఇతరులకు ఇవ్వకండి, అమ్మకండి.
4. బిల్లు దాచుకోండి. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది.
5. ఇంటికి ఎర్తింగు సరిగా ఉందో లేదో, షాక్ తగలగానే కరెంటును ఆపే బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

షాక్ కొడితే ఏం చేయాలి?

ముందు మెయిన్ ఆపండి. అంతవరకు బాధితుణ్ణి వట్టి చేతులతో తాకకండి. వీలుకాకపోతే, పొడి నేలపై నిలబడి ఎండిన కర్రతో దీపాన్ని దూరంగా నెట్టండి. స్పృహ, శ్వాస లేకపోతే 108కి ఫోన్ చేసి, తెలిసినవారు వెంటనే ఛాతీపై నొక్కుతూ కృత్రిమ శ్వాస ఇవ్వాలి. బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నా ఒకసారి డాక్టరుకు చూపించండి.

ఈ రాత్రి దీపం వేసే ముందు దాని మూతను ఒక్కసారి చూడండి.