పోత గుండ్ల రైఫిల్ తూటాలలో పిస్తోలు మందు: ప్రయోజనం, ప్రమాదం

కీలక పదాలు: పొగలేని మందు, దహనవేగం, సీసపు మిశ్రమం, పోత గుండు, తూటా గుల్ల, రెట్టింపు మోతాదు.

ప్రవేశిక

పేల్చిన తూటా గుల్లను పారవేయక, ఇంటివద్దే తిరిగి నింపుకొనే అలవాటు అమెరికాలో శతాబ్దానికి పైగా ఉన్నది. ఈ అభిరుచి గలవారిలో ఒక వర్గంవారు సీసపు మిశ్రమాన్ని కరిగించి అచ్చులలో పోసిన గుండ్లను రైఫిళ్ళలో వాడుతారు. వాటి వెనుక రైఫిల్ మందుకు బదులు పిస్తోలుకో, షాట్‌గన్‌కో ఉద్దేశించిన వేగవంతమైన మందును కొద్దిగా వేస్తారు. పైకి ఇది పొదుపు ఉపాయంగానే కనిపిస్తుంది. అయితే ఈ పద్ధతిని ఉపయోగకరం చేసిన గుణమే దానిని ప్రాణాంతకం కూడా చేయగలదు. ఆ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కనుక ఇక్కడి పాఠకునికి ఇది భౌతికశాస్త్ర విషయం మాత్రమే. ఇందులోని అంకెలు లెక్క తెలియడానికి ఇచ్చినవే తప్ప నింపవలసిన కొలతలు కావు.

మందుకు వేగం ఎక్కడిది?

1884లో ఫ్రాన్సు దేశీయుడైన పాల్ వియెయ్ రూపొందించిన పొగలేని మందుతో ఆధునిక రైఫిల్ యుగం మొదలైనది. మందు రేణువు ఉపరితలం నుండి లోపలికి మండుతుందనీ, పీడనం పెరిగినకొద్దీ ఆ మంట వేగం పెరుగుతుందనీ తెలిపే నియమం కూడా ఆయన పేరుతోనే ప్రసిద్ధం. పీడనం మంటను పెంచుతుంది. మంట తిరిగి పీడనాన్ని పెంచుతుంది. ఈ వ్యాసంలోని విషయమంతా ఈ పరస్పర పోషణ చుట్టూనే తిరుగుతుంది.

రైఫిల్ మందు రేణువులు సాధారణంగా లావుగా ఉంటాయి. పైగా వాటికి మంటను మందగింపజేసే పూత ఉంటుంది. గుండు గొట్టంలో ముందుకు పోతున్నంతసేపు వాయువును అందిస్తూ ఉండడం వాటి పని. పిస్తోలు గొట్టం పొట్టిది కనుక దాని మందు పలుచని రేకులుగా, బరువుతో పోలిస్తే విశాలమైన ఉపరితలంతో ఉండి క్షణంలో కాలిపోతుంది. 1898లో వెలువడిన బుల్స్‌ఐ, 1932లో షాట్‌గన్‌ల కోసం వచ్చిన రెడ్ డాట్ ఈ కోవలోనివి.

రైఫిల్ మందునే తగ్గించి వేయరాదా అన్న ప్రశ్న సహజం. తక్కువ పీడనంలో అది సరిగా అంటుకోదు, సగం కాలి మిగులుతుంది, వేగం తూటాకు తూటాకు మారిపోతుంది. మరీ తగ్గించినప్పుడు అనూహ్యంగా పీడనం ఎగసి తుపాకులు పగిలిన ఉదంతాలు కూడా ఉన్నాయి. వాటి కారణంపై నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. వేగవంతమైన మందుకు ఆ ఇబ్బంది లేదు; అల్ప పీడనంలోనూ అది పూర్తిగా కాలుతుంది.

సీసం పక్షం నుండి

మెత్తని సీసం రాగి తొడుగు గల గుండు వంటిది కాదు. బ్రినెల్ కొలమానంలో శుద్ధ సీసపు కాఠిన్యం సుమారు 5. లైనోటైప్ ముద్రణయంత్రాల లోహంలో సీసం 84, యాంటిమొని 12, తగరం 4 శాతం. దాని కాఠిన్యం సుమారు 22. (చేతితో అక్షరాలు కూర్చిన మన పాత అచ్చుకూటాల సీసపు అక్షరాలు కూడా ఈ మూడు లోహాల కుటుంబంలోనివే. ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక అమెరికాలో తుక్కుగా అమ్ముడైన లైనోటైప్ లోహం ఎంతో గుండ్లు పోసేవారి మూసలలో చేరింది.) పీడనం మిశ్రమం ఓర్చుకోగలిగినదానిని మించితే గుండు రూపం చెడుతుంది. అడుగు గొట్టాన్ని సరిగా మూయకపోతే వేడి వాయువు పక్కలనుండి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గొట్టపు చాళ్ళకు అంటిస్తుంది. అడుగున రాగి మూత బిగించే పద్ధతి అందుకే వచ్చినది.

ఈ పరిమితికి లోబడి, సెకనుకు 1,200 నుండి 1,600 అడుగుల వేగాన్ని అందించడానికి కొద్దిపాటి వేగవంతమైన మందు చాలు. తుపాకి తన్ను తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. ఖర్చు విషయానికి వస్తే, ఒక పౌను అంటే 7,000 గ్రెయిన్లు. తూటాకు 50 గ్రెయిన్ల చొప్పున అది 140 తూటాలకు వస్తుంది; 10 గ్రెయిన్ల చొప్పున 700కు. అమెరికా సైన్యం కూడా ఇరుకైన స్థలాలలో గురి అభ్యాసానికి తేలిక సీసపు గుండు, స్వల్ప మందు గల తూటాలను వాడినది.

గుల్లలోని ఖాళీ

అసలు చిక్కు ఇక్కడున్నది. .30-06 గుల్ల లోపలి పరిమాణం సుమారు నాలుగున్నర ఘన సెంటీమీటర్లు. 10 గ్రెయిన్ల వేగవంతమైన మందు అందులో నాలుగో వంతునో, మూడో వంతునో మాత్రమే ఆక్రమిస్తుంది. మిగిలినది ఖాళీ. మందు ప్రైమర్ వైపు ఒరిగిందా, గుండు వైపు ఒరిగిందా అన్నదానిని బట్టి వేగం మారుతుంది. కొందరు ఆ ఖాళీలో తేలికైన కృత్రిమ దూదిని కూరుతారు. అది కుదురునిస్తుందన్నవారూ ఉన్నారు, మందుగదిలో వలయాకారపు ఉబ్బు తెస్తుందని హెచ్చరించేవారూ ఉన్నారు. హెచ్చరించేవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని నా అభిప్రాయం. వేగంలో తేడా వస్తే గురి చెడుతుంది, మందుగది ఉబ్బితే తుపాకే చెడుతుంది.

అంతకంటే తీవ్రమైనది రెట్టింపు మోతాదు. పూర్తి రైఫిల్ మందును పొరపాటున రెండుసార్లు పోస్తే అది గుల్లలోనుండి పొర్లిపోతుంది; పొరపాటు తానే బయటపడుతుంది. 10 గ్రెయిన్ల మోతాదు రెండుసార్లు పడినా గుల్ల నిండదు. పీడనం మాత్రం రెండింతలతో ఆగదు. పైన చెప్పిన పరస్పర పోషణ వల్ల, గుండు కదలి చోటు ఇవ్వకముందే మంట ఉద్ధృతమై, పీడనం మోతాదు నిష్పత్తిని మించి పెరుగుతుంది. ముఖానికి జానెడు దూరంలో ఉన్న ఉక్కు గది పగలడానికి అది చాలు. దీనికి వ్యతిరేక దోషం మరీ తక్కువ మందు: గుండు గొట్టంలో చిక్కుకుంటే, దాని వెనుక పేల్చిన రెండవ తూటాకు దారి ఉండదు.

ఐఎంఆర్ పేరుతో విక్రయమైన ట్రెయిల్ బాస్ మందు ఈ చిక్కును దృష్టిలో పెట్టుకొని రూపొందినదే. సీసపు గుండ్ల అల్పవేగ తూటాల కోసమే చేసిన దాని రేణువులు మధ్య రంధ్రంతో గారెల వలె ఉంటాయి. తక్కువ బరువుకే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల రెండవ మోతాదు కంటికి కనిపిస్తుంది. పలుచని రేకుల పాత మందులు వాడేవారికి అటువంటి రక్షణ లేదు. అందువల్ల అనుభవజ్ఞులు నింపిన గుల్లలన్నిటినీ చెక్క పలకలో నిలువుగా అమర్చి, గుండు బిగించే ముందు దీపం వెలుగులో ఒక్కొక్కదాని లోపల మందు మట్టాన్ని పోల్చి చూస్తారు. ఏ గుల్లలోనైనా మట్టం తేడాగా ఉంటే దానిని ఒంపివేసి మళ్ళీ తూచి నింపుతారు.