గర్భిణికి బీపీ పెరిగితే.. పొంచి ఉన్న గుర్రపువాతం!

ఎనిమిదో నెల నిండుతోంది. కాళ్లకు నీరు దిగింది. రెండు రోజులుగా తల పగిలిపోతున్నట్లు నొప్పి. ఉండి ఉండి కళ్ల ముందు మెరుపులు మెరిసినట్లు ఉంటోంది. 'నెలలు నిండినవారికి ఇవన్నీ మామూలే, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది' అని ఇంట్లో పెద్దలు ధైర్యం చెబుతారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది. ఆ రాత్రి ఒక్కసారిగా ఒళ్లంతా బిగుసుకుపోయి, నోట నురగతో మూర్ఛ వస్తుంది.

పల్లెల్లో దీనినే గుర్రపువాతం అంటారు. వైద్య పరిభాషలో ఎక్లాంప్సియా. హఠాత్తుగా మెరిసే మెరుపు అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. అయితే చాలామంది గర్భిణుల్లో ఈ మెరుపు ముందస్తు సంకేతం లేకుండా రాదు. దానికి కొద్ది రోజులు లేదా వారాల ముందే రక్తపోటు పెరుగుతుంది, మూత్రంలో అల్బుమిన్ కనిపిస్తుంది. ఆ ముందు దశే ప్రీఎక్లాంప్సియా. దానిని పసిగట్టడానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు. గ్రామంలోని ఉపకేంద్రంలో సైతం చేయదగిన రెండు చిన్న పరీక్షలు చాలు. అవి జరగకపోవడం, జరిగినా ఫలితాన్ని పట్టించుకోకపోవడమే ప్రాణాల మీదకు తెస్తోంది.

ఏమిటీ వ్యాధి?

అంతవరకు మామూలుగా ఉన్న రక్తపోటు, గర్భం దాల్చిన 20 వారాల తరువాత, అంటే సుమారు అయిదో నెల నిండే సమయం నుంచి 140/90 లేదా అంతకు మించి పెరగడం, దానికి తోడు మూత్రంలో ప్రొటీన్ పోవడాన్ని ప్రీఎక్లాంప్సియాగా గుర్తిస్తారు. పై అంకె, కింది అంకెలలో ఏ ఒక్కటి పరిమితి దాటినా దానిని అధిక రక్తపోటుగానే పరిగణించాలి. మూత్రంలో ప్రొటీన్ లేకపోయినా.. రక్తపోటుతో పాటు ప్లేట్‌లెట్లు తగ్గడం, కాలేయం లేదా మూత్రపిండాల పనితీరు దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం వంటివి కొత్తగా కనిపిస్తే అదీ ప్రీఎక్లాంప్సియానే. బీపీ 160/110కి చేరితే అత్యవసర పరిస్థితిగా భావించి వెంటనే చికిత్స మొదలుపెట్టాలి.

ప్రపంచవ్యాప్తంగా ప్రతి వంద మంది గర్భిణుల్లో ముగ్గురి నుంచి ఎనిమిది మంది దీని బారిన పడుతున్నారు. ఈ వ్యాధి వల్ల ఏటా సుమారు 46 వేల మంది తల్లులు, 5 లక్షల మంది గర్భస్థ, నవజాత శిశువులు మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మూలం మాయలోనే..

బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించేది మాయ. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయలోని కణాలు గర్భాశయ రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేస్తాయి. సన్నటి పిల్లకాలువను తవ్వి పెద్దకాలువగా మార్చినట్లన్న మాట. కొందరిలో ఈ పని సగంలోనే ఆగిపోతుంది. నాళాలు ఇరుకుగానే ఉండిపోవడంతో మాయకు రక్తం చాలదు. అలా దెబ్బతిన్న మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి అధికంగా వదులుతుంది. అవి ఒంట్లోని రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఫలితంగా నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. మూత్రపిండాల జల్లెడ దెబ్బతిని ప్రొటీన్ మూత్రంలోకి జారుతుంది. మెదడు, కాలేయం, కళ్లు కూడా ప్రభావితమవుతాయి.

అప్పట్లో అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన భారత సంతతి వైద్య శాస్త్రవేత్త డాక్టర్ అనంత్ కరుమంచి బృందం 2003లో ఇలాంటి పదార్థాల్లో ఒకదాని పాత్రను వెల్లడించింది. 'ఎస్‌ఫ్లిట్-1' అనే ఆ ప్రొటీన్ స్థాయిని కొలిచే రక్తపరీక్షలు ఆ తరువాత అందుబాటులోకి వచ్చాయి. అయినా మన ఊళ్లలో తొలి రక్షణ కవచం నేటికీ బీపీ పరికరమే.

వ్యాధి బీజం తొలి నెలల్లోనే పడినా లక్షణాలు చివరి నెలల్లోనే బయటపడతాయన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. బీపీ 150 దాటినా చాలామందికి ఏ బాధా తెలియదు. వంట చేసుకుంటారు, పొలం పనికీ వెళ్తారు. 'నాకు బాగానే ఉంది' అన్న మాటను నమ్మి పరీక్ష మానుకోవడం అందుకే ప్రమాదకరం.

వాపును బట్టి తేల్చలేం

కాళ్ల వాపే ఈ వ్యాధికి గుర్తు అని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల్లోనూ ఎక్కువ మందికి చివరి నెలల్లో పాదాలకు నీరు దిగుతుంది. మరోవైపు ఎలాంటి వాపూ లేకుండానే ప్రీఎక్లాంప్సియా ముదిరి మూర్ఛ దాకా వెళ్లినవారూ ఉంటారు. కాబట్టి వాపు ఉందని కంగారుపడటం, లేదని నిశ్చింతగా ఉండటం రెండూ సరికాదు. అయితే ముఖం, చేతులు హఠాత్తుగా ఉబ్బినా, గాజులు, ఉంగరాలు బిగుసుకుపోయినా, వారం రోజుల్లోనే బరువు బాగా పెరిగినా అదే రోజు బీపీ చూపించుకోవాలి.

రెండే పరీక్షలు.. అయిదు నిమిషాల విశ్రాంతి

మొదటిది బీపీ. ఎండలో నడిచి వచ్చిన గర్భిణికి వచ్చీరాగానే బీపీ చూస్తే తప్పుడు లెక్క రావచ్చు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపుకు ఆనుడు ఇచ్చి, పాదాలు నేలకు ఆనేలా ఉంచి, చేయి గుండెకు సమాన ఎత్తులో పెట్టి చూడాలి. రవిక చేతి మీద కాకుండా ఒంటికే పట్టీ చుట్టాలి. లావుగా ఉన్నవారికి పెద్ద పట్టీ వాడాలి. 140/90 దాటితే నాలుగు గంటల తరువాత మరోసారి చూసి నిర్ధారిస్తారు. 160/110 ఉంటే మాత్రం అంతసేపు వేచి ఉండరాదు.

రెండోది మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. మూత్రంలో ముంచిన పట్టీ రంగు మారడాన్ని బట్టి ప్రొటీన్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఒక ప్లస్ వచ్చినా వైద్యాధికారి దృష్టికి తీసుకెళ్లాలి.

ఈ రెండింటినీ గర్భిణి వచ్చిన ప్రతిసారీ చేయాలి. 'పోయిన నెలే చూశాం కదా' అన్న మాట చెల్లదు. ఏడో నెల వరకు నెలకోసారి, ఆపై పదిహేను రోజులకోసారి, తొమ్మిదో నెలలో వారానికోసారి చూపించుకోవడం ఉత్తమం. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తున్నారు. బీపీ చూడకుండా మాత్రలు మాత్రమే ఇచ్చి పంపితే 'నా బీపీ ఎంత?' అని అడిగి రాయించుకునే హక్కు ప్రతి గర్భిణికీ ఉంది.

పుట్టింటికి వెళ్తే.. కార్డూ వెంట రావాలి

మన ప్రాంతంలో తొలి కాన్పుకు ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తీసుకెళ్లడం ఆనవాయితీ. అత్తవారి ఊళ్లో ఏఎన్‌ఎం రాసిన లెక్కలు ఒకచోట, కాన్పు మరోచోట. సరిగ్గా వ్యాధి బయటపడే సమయంలోనే పరీక్షల గొలుసు తెగిపోతుంది. ఇక్కడి ఆశా కార్యకర్త ఆమె వెళ్లిపోయిందని అనుకుంటుంది. అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె వచ్చిన సంగతే తెలియదు.

అయిదో నెలలో 100/60 ఉన్న బీపీ ఎనిమిదో నెలలో 136/88కి చేరిందనుకుందాం. ఆ రోజు లెక్క ఒక్కటే చూస్తే ఫరవాలేదనిపిస్తుంది. పాత లెక్కలు పక్కనే ఉంటే అది ఎంత వేగంగా పెరుగుతోందో వైద్యునికి ఇట్టే అర్థమవుతుంది, వారంలోపే మళ్లీ రమ్మంటారు. అందుకే చీర, సారెతో పాటు మాతా శిశు సంరక్షణ కార్డునూ తప్పక పట్టుకెళ్లాలి. వెళ్లిన వారంలోనే అక్కడి ఉపకేంద్రంలో పేరు నమోదు చేయించుకోవాలి.

ఎవరికి ముప్పు ఎక్కువ?

* తొలిచూలు గర్భిణులు
* గత కాన్పులో బీపీ, గుర్రపువాతం వచ్చినవారు
* తల్లికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ ఈ సమస్య ఉన్నవారు
* కవలలను మోస్తున్నవారు
* మధుమేహం, మూత్రపిండాల వ్యాధి, గర్భానికి ముందే బీపీ ఉన్నవారు
* అధిక బరువు ఉన్నవారు, 35 ఏళ్లు దాటినవారు
* కాన్పుల మధ్య పదేళ్లకు మించి ఎడం ఉన్నవారు

వీరు మూడో నెలలోనే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను నాలుగో నెలలోపు ప్రారంభిస్తే వ్యాధి వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఈ మాత్రతో సగానికి పైగా తగ్గింది. అయితే ఇది వైద్యుల సలహాపైనే వాడాలి, దుకాణంలో కొని సొంతంగా వేసుకోరాదు.

ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండేవారికి ఆ మాత్రలూ రక్షణ ఇస్తాయి. ప్రభుత్వం నాలుగో నెల నుంచి రోజుకు రెండుసార్లు 500 మి.గ్రా. చొప్పున వీటిని ఉచితంగా ఇస్తోంది. ఐరన్ మాత్రతో కలిపి వేసుకుంటే ఒకదాని పనిని మరొకటి అడ్డుకుంటుంది కనుక వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. ఉప్పు పూర్తిగా మానేయడం, చప్పిడి కూడు తినడం, నెలల తరబడి మంచం దిగకుండా ఉండటం వల్ల ఈ వ్యాధి ఆగుతుందనడానికి ఆధారాలు లేవు.

ఈ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగవద్దు

* మాత్ర వేసుకున్నా తగ్గని తీవ్రమైన తలనొప్పి
* చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, చుక్కలు
* పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి
* చివరి నెలల్లో కొత్తగా మొదలైన వాంతులు
* మూత్రం బాగా తగ్గిపోవడం, ఆయాసం
* బిడ్డ కదలికలు తగ్గడం

పొట్ట పైభాగంలో నొప్పిని చాలామంది గ్యాస్ అనుకుని మందుల దుకాణాన్ని ఆశ్రయిస్తారు. అది కాలేయం దెబ్బతింటోందనడానికి సూచన కావచ్చు. చివరి నెలల్లో అలాంటి నొప్పి వస్తే ముందుగా బీపీ చూపించుకోవాలి.

చికిత్స ఇలా..

వ్యాధికి మూలం మాయ కనుక, బిడ్డతో పాటు మాయ బయటకు వచ్చినప్పుడే అసలు చికిత్స పూర్తవుతుంది. అంతవరకు తల్లిని కాపాడుతూ బిడ్డకు ఎదిగే వ్యవధి ఇవ్వడమే వైద్యుల ప్రయత్నం. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి మందులతో బీపీని అదుపు చేస్తారు. తీవ్రత లేకుంటే 37 వారాలు నిండాక కాన్పు చేస్తారు. తీవ్రంగా ఉంటే 34 వారాలకే, ప్రాణాపాయమైతే ఇంకా ముందే చేయవలసి రావచ్చు. నెలలు నిండని బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

మూర్ఛను నివారించడంలో మెగ్నీషియం సల్ఫేట్‌కు సాటి మరొకటి లేదు. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఈ ఇంజెక్షన్ మూర్ఛ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని అందులో రుజువైంది. ఇది చౌకైన పాత మందు. తొలి మోతాదును ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపితే దారిలో మూర్ఛ వచ్చే ప్రమాదం తగ్గుతుంది.

ఇంట్లోనే మూర్ఛ వస్తే చేతిలో తాళాలు, ఇనుప వస్తువులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయరాదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. దెబ్బ తగిలే వస్తువులను పక్కకు తీయాలి. వెంటనే 108కి ఫోన్ చేసి గర్భిణికి మూర్ఛ వచ్చిందని స్పష్టంగా చెప్పాలి. గాలి సోకిందంటూ తాయెత్తుల కోసం తిరిగితే విలువైన సమయం చేజారిపోతుంది.

కాన్పయ్యాకా కన్నేసి ఉంచాలి

బిడ్డ పుట్టింది కదా, గండం గడిచిందనుకోవడం మరో పొరపాటు. కాన్పు తరువాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరుగుతుంది. చాలామంది ఇంటికి చేరేది ఆ రోజుల్లోనే. గర్భంలో ఏ సమస్యా లేనివారికి సైతం కాన్పు తరువాత ఆరు వారాల వరకు ఈ వ్యాధి రావచ్చు. బాలింతకు తల నొస్తోందంటే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెట్టడం మన ఇళ్లలో పరిపాటి. గుడ్డ కట్టినా ఫరవాలేదు, బీపీ చూపించడం మాత్రం మానరాదు. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు. బిడ్డ బరువుతో పాటు తల్లి తలనొప్పి, చూపు సంగతీ వారికి చెప్పాలి.

ఒకసారి ఈ వ్యాధి వచ్చినవారికి తరువాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగిలినవారి కంటే దాదాపు రెట్టింపు. కాబట్టి ఏటా ఒకసారైనా బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి. మళ్లీ గర్భం దాల్చినప్పుడు మొదటి పరీక్షలోనే పాత సంగతి చెప్పాలి.

ఇంట్లో గర్భిణి ఉంటే 'తిన్నావా?' అని అందరూ అడుగుతారు. 'ఈసారి బీపీ ఎంత ఉంది?' అని కూడా భర్త, అత్తమామలు, తల్లిదండ్రులు అడగడం అలవాటు చేసుకోవాలి. కార్డులో ఆ గడి ఖాళీగా కనిపిస్తే మరుసటి రోజే ఉపకేంద్రానికి తీసుకెళ్లాలి.